సేవకు పిలుపు ఉందని ఎవరికీ చెప్పుకోలేకపోతున్న అక్కాచెల్లెళ్లకు

ప్రభువునందు ప్రియమైన అక్కలకు, చెల్లెళ్లకు వందనాలు.

సేవ చేయాలన్న భారం ఎంతో కాలంగా లోపల మోస్తూ, ఆ మాట ఇప్పటిదాకా ఎవరితోనూ అనలేకపోయినవాళ్ల కోసం ఈ లేఖ రాస్తున్నాను. వాక్యం చదువుతుంటే ఇది నేను వెళ్లి ఎవరికైనా చెప్పాలి అనిపిస్తుంది, ఎవరైనా ఏడుస్తూ కనిపిస్తే పక్కన కూర్చుని ప్రార్థన చేయకుండా కదలలేరు, ఆదివారం ప్రసంగం వింటూ ఈ భాగంలో ఇంకో సంగతి కూడా ఉందే, అది ఎందుకు చెప్పలేదు అని మనసు కొట్టుకుంటుంది. ఇంటికొచ్చాక మాత్రం నేనెవరిని, నాకెందుకు ఇవన్నీ అనుకుని పక్కన పెట్టేస్తారు. కొన్నాళ్లకు మళ్లీ అదే. కొందరికి ఇది కాలేజీ రోజుల్లో మొదలై పిల్లలు పెద్దవాళ్లయ్యేదాకా సాగుతూనే ఉంటుంది.

నేను వాక్య పరిచర్యలో ఉన్నదాన్ని కాబట్టి ఇలాంటి సహోదరీలు నాతో మాట్లాడుతుంటారు. అందరూ ముందు అడిగేది దాదాపు ఒకటే ప్రశ్న: "అక్కా, ఇది దేవుడి పిలుపా, నా ఊహా?" ఈ ప్రశ్న అబ్బాయిలకూ వస్తుంది. కానీ ఒక అబ్బాయి "నాకు సేవ చేయాలని ఉంది" అన్న రోజునే ఎవరో ఒకరు తలమీద చెయ్యి పెట్టి ప్రార్థన చేస్తారు, ఏ బైబిల్ కాలేజీకి వెళ్తావని అడుగుతారు, వచ్చే వారం యూత్ కూడికలో వాక్యం చెప్పమంటారు. అదే మాట అమ్మాయి అంటే "మంచిదమ్మా, ఒక సేవకుణ్ణి చూసి పెళ్లి చేద్దాం" అంటారు. చెప్పినవాళ్లకు చెడు ఉద్దేశం ఉండకపోవచ్చు, ప్రేమతోనే అంటారు. కానీ ఆమె అడిగినదానికి అది జవాబు కాదు. అందుకే ఎక్కువమంది ఆ ప్రశ్నను ఒంటరిగానే మోస్తూ ఉండిపోతారు. మీరు అలా ఉండిపోవద్దని చెప్పాలనే ఇదంతా రాస్తున్నాను. పిలుపును గుండెలో దాచుకుని తేల్చుకోవాలని చూడకండి, నమ్మదగిన ఒక్క మనిషికి నోరు తెరిచి చెప్పండి.

లూకా సువార్త మొదటి అధ్యాయం మళ్లీ ఒకసారి చదవండి. గబ్రియేలు నజరేతులో మరియ దగ్గరకు వచ్చి కబురు చెప్పాడు, ఆమె ఒప్పుకుంది, దూత వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఆమె చేసిన మొదటి పని ఏంటి? త్వరగా బయలుదేరి కొండసీమలో ఉన్న ఎలీసబెతు ఇంటికి వెళ్లింది. అక్కడ ఆమె ఇంకా వందనం చెప్పి ముగించిందో లేదో, ఏమీ వివరించకుండానే, ఎలీసబెతు పరిశుద్ధాత్మతో నిండి నా ప్రభువు తల్లి నా దగ్గరకు వచ్చింది అని గట్టిగా చెప్పేసింది. మరియ పాట ఆ తర్వాతే వచ్చింది. దూత ఎదుట నిలబడ్డప్పుడు ఆమె నోట పాట రాలేదు, ఎలీసబెతు ఇంట్లో వచ్చింది. అన్నట్టు, ఆ ఇంటి పెద్ద జెకర్యా యాజకుడే, కానీ అప్పటికి ఆయనకు మాట పోయి ఉంది. ఆ ఇంట్లో దేవుడి సంగతులు మాట్లాడింది ఆ ఇద్దరు స్త్రీలే. మరియ అక్కడ ఇంచుమించు మూడు నెలలు ఉంది. సాక్షాత్తు దేవదూత నుంచి కబురు అందుకున్న ఆమెకే మరో మనిషి తోడు కావాల్సి వచ్చిందంటే, మన సంగతి చెప్పాలా?

సమూయేలు కథ కూడా అంతే. దేవుడు పిలుస్తున్నాడని పిల్లవాడికి తెలియలేదు, మూడుసార్లు లేచి యాజకుడు ఏలీ దగ్గరకే పరిగెత్తాడు. పిలుస్తున్నది యెహోవా అని గ్రహించింది ముసలి ఏలీ. ఏలీ కుటుంబం ఎలా ఉందో మనకు తెలుసు, ఆయన గొప్ప నాయకుడేమీ కాదు, అయినా ఆ రాత్రి ఆ పిల్లవాడికి కావాల్సిన మాట ఆయనే చెప్పాడు. కాబట్టి మీరు చెప్పుకునే మనిషి పేరున్న ప్రసంగీకులే కానక్కర్లేదు. ప్రార్థించే మనిషి అయి ఉండాలి, మీ లోపాలు తెలిసిన మనిషి అయి ఉండాలి, మీరు బాధపడినా సరే నిజం చెప్పే మనిషి అయి ఉండాలి, విన్నది ఇంకొకరికి మోయని మనిషి అయి ఉండాలి. సంఘంలో ఒక పెద్దావిడ కావచ్చు, మీ పాస్టర్ గారు కావచ్చు, మీ భర్త కావచ్చు.

ఇక పిలుపు నిజమా కాదా అన్నదానికి వస్తాను. ఆకాశం నుంచి స్వరం వినిపించాలని చాలామంది ఎదురుచూస్తారు. వినిపించేవాళ్లు ఉంటారేమో, నేను కాదనను, కానీ ఎక్కువమందికి అలా రాదు. నన్నడిగితే నేను వేరే సంగతులు చూస్తాను. ఆ భారం ఆవేశం తగ్గాక కూడా ఉంటోందా? మీటింగుల్లో పాటలు, ప్రార్థనలు అయిపోయి, ఇంటి పనిలో, ఉద్యోగం టెన్షన్‌లో, నీరసంగా ఉన్న రోజున కూడా అది మిమ్మల్ని వదలట్లేదా? మీరు వాక్యం చెప్పిన చోట, ప్రార్థించిన చోట ఎవరికైనా మేలు జరుగుతోందా, వాళ్లు మళ్లీ మీ దగ్గరకు వస్తున్నారా? మీరు అడగకుండానే ఎవరైనా "నీలో ఈ వరం ఉందమ్మా" అన్నారా? మైకు ఇవ్వకపోయినా, పేరు చెప్పకపోయినా, ఆసుపత్రిలో ఒక రోగి పక్కన కూర్చునే పని మీకు ఇష్టమేనా? చివరిది ముఖ్యం. వేదిక మాత్రమే కావాలనిపిస్తే ఇంకొంతకాలం ప్రార్థించండి. మనుషులు కావాలనిపిస్తే మొదలుపెట్టండి. భయంగా ఉండటం మాత్రం పిలుపు లేదనడానికి గుర్తు కాదు. మోషే నోరు తిరగదన్నాడు, యిర్మీయా నేను బాలుణ్ణి అన్నాడు, గిద్యోను నా కుటుంబమే చిన్నది అన్నాడు. సాకు చెప్పారని దేవుడు ఎవరినీ వదల్లేదు.

మీరు నోరు తెరిచిన వెంటనే ఎవరో ఒకరు రెండు వచనాలు ముందు పెడతారు. మొదటి తిమోతి రెండో అధ్యాయం, మొదటి కొరింథీ పద్నాలుగో అధ్యాయం. వాటిని చూసి పారిపోకండి, లేనట్టు నటించనూ వద్దు. అవి మన బైబిల్లోనివే, పూర్తిగా చదవండి. కొరింథీ పత్రిక పదకొండో అధ్యాయంలో స్త్రీలు సంఘంలో ప్రార్థించడం, ప్రవచించడం గురించి పౌలు మాట్లాడతాడు, అది ఎలా చేయాలో చెప్తాడు తప్ప చేయొద్దని అనడు. మూడు అధ్యాయాలు దాటాక అదే పౌలు స్త్రీలు మౌనంగా ఉండాలంటాడు. మరి మొదటిది మర్చిపోయాడా? పద్నాలుగో అధ్యాయం మొత్తం చదివితే మౌనంగా ఉండమన్నది స్త్రీలను ఒక్కళ్లనే కాదని కనిపిస్తుంది. అర్థం చెప్పేవాళ్లు లేకపోతే భాషలతో మాట్లాడేవాడు మౌనంగా ఉండాలి, పక్కవాడికి బయలుపాటు వస్తే అంతవరకు మాట్లాడుతున్న ప్రవక్త మౌనంగా ఉండాలి, ఆ తర్వాతే స్త్రీల సంగతి. గందరగోళంగా ఉన్న ఒక సంఘాన్ని క్రమంలో పెడుతున్న అధ్యాయం అది. తిమోతికి రాసిన మాటలో కూడా స్త్రీ ఉపదేశించకూడదనే పన్నెండో వచనం అందరికీ కంఠతా వచ్చు, దాని ముందున్న పదకొండో వచనంలో స్త్రీ నేర్చుకోవాలి అని ఉన్న సంగతి చాలా తక్కువమంది గుర్తుచేస్తారు. పన్నెండో వచనం తిమోతి అప్పుడు ఉన్న ఎఫెసు సంఘ పరిస్థితికి రాసిందా, అన్ని కాలాలకా అన్నది భక్తిగల పండితులే ఏకాభిప్రాయానికి రాలేకపోతున్న విషయం. నా అభిప్రాయం మీకు ఇప్పటికే అర్థమై ఉంటుంది. కానీ నా అభిప్రాయం చూసి కాకుండా మీరే బైబిల్ తెరిచి కూర్చుని చదివి తేల్చుకోవాలని నా కోరిక.

ఇంకో మాట కూడా వింటారు. మగవాళ్లు ముందుకు రానప్పుడు మాత్రమే దేవుడు ఆడవాళ్లను వాడుకున్నాడు అని. ప్రవక్త్రి దెబోరా కాలంలో బారాకు యుద్ధానికి వెనకాడాడు కదా, అందుకే ఆమె అని. మరి ప్రవక్త్రి హుల్దా సంగతి? యోషీయా రాజు ఏలుబడి పద్దెనిమిదో ఏట దేవాలయంలో ధర్మశాస్త్ర గ్రంథం దొరికింది. యిర్మీయాకు దేవుడి వాక్కు రావడం అదే రాజు ఏలుబడి పదమూడో ఏట మొదలైంది, అంటే అప్పటికే ఆయన ప్రవక్త. అయినా ప్రధాన యాజకుడు హిల్కీయా, రాజు మనుషులు కలిసి విచారణ చేయడానికి వెళ్లింది షల్లూము భార్య హుల్దా దగ్గరకు. ఆమె చెప్పిన మాట విని రాజు దేశం మొత్తాన్ని సమకూర్చాడు. మగ ప్రవక్త లేక ఆమె దగ్గరకు వెళ్లారనడానికి అక్కడ ఆధారమే లేదు.

కొత్త నిబంధనలో ఉన్నవాళ్లు మీకు తెలిసినవాళ్లే, అందుకని త్వరగా చెప్పేస్తాను. పునరుత్థానం కబురు శిష్యులకు చెప్పమని ప్రభువు పంపింది మగ్దలేనే మరియను. అపొల్లోలాంటి విద్వాంసుణ్ణి ఇంటికి చేర్చుకుని దేవుడి మార్గం మరింత పూర్తిగా వివరించినవాళ్లు ప్రిస్కిల్ల, అకుల. ఫిలిప్పు నలుగురు కూతుళ్లూ ప్రవచించేవాళ్లు. రోమా పత్రిక పదహారో అధ్యాయం పేర్ల జాబితా అని దాటేయకండి, పౌలు అక్కడ ముందుగా పరిచయం చేసింది కెంక్రేయ సంఘ పరిచారకురాలు ఫీబేను. ఆ పత్రికను రోముకు తీసుకెళ్లింది ఆమే అని చాలామంది పండితులు అంటారు. మరియ, త్రుఫైనా, త్రుఫోసా, పెర్సిస్... వీళ్లంతా ప్రయాసపడ్డారని పౌలు పేరు పెట్టి రాశాడు.

బైబిల్ తర్వాత కూడా ఈ వరుస ఆగలేదు. అమెరికాలో జెరీనా లీ అనే నల్లజాతి స్త్రీ సువార్త ప్రకటించాలన్న పిలుపు గురించి తన సంఘ కాపరి రిచర్డ్ అలెన్ దగ్గరకు వెళ్లి చెప్పింది. స్త్రీలు ప్రసంగించడానికి మన సంఘ నియమాల్లో చోటు లేదని ఆయన అన్నాడు. ఆమె ఎదురుచూసింది. కొన్నేళ్ల తర్వాత, 1819 ప్రాంతంలో, ఒక ఆదివారం ప్రసంగీకుడు మధ్యలో మాట అందక ఆగిపోతే ఆమె లేచి అదే వాక్యభాగం మీద మాట్లాడింది. ఇప్పుడు నన్ను బయటికి పంపేస్తారు అనుకుంటూ కూర్చుంది. అప్పటికి బిషప్ అయిన అలెన్ లేచి, ఈమె ఎప్పుడో నా దగ్గరకు వచ్చి అడిగింది, ఈమెకు పిలుపు ఉందని ఇప్పుడు నమ్ముతున్నాను అని అందరి ముందు చెప్పాడు. నాకు జెరీనా ధైర్యం ఎంత నచ్చుతుందో, మనసు మార్చుకుని ఆ మాట బహిరంగంగా చెప్పిన అలెన్ కూడా అంతే నచ్చుతాడు.

ఫ్లోరెన్స్ లీ టిమ్ ఓయ్ సంగతి వేరు. యుద్ధకాలంలో మకావ్‌లో ఆంగ్లికన్ విశ్వాసులకు ప్రభువు బల్ల ఇవ్వడానికి అభిషేకం పొందిన గురువులు చేరుకోలేని పరిస్థితిలో బిషప్ రోనాల్డ్ హాల్ 1944 జనవరి 25న ఆమెకు గురు అభిషేకం ఇచ్చాడు. ఆంగ్లికన్ సంఘంలో ఆమే మొదటి స్త్రీ గురువు. యుద్ధం అయ్యాక పెద్ద గొడవైంది. తన మూలంగా బిషప్‌కు ఇబ్బంది రాకూడదని 1946లో ఆమె తన లైసెన్సు వదులుకుంది, అభిషేకాన్ని మాత్రం కాదనుకోలేదు. తర్వాత చైనాలో ఎన్నో ఏళ్లు కష్టాలు పడి, చివరి దశలో కెనడాలో మళ్లీ గురువుగా సేవ చేసి 1992లో కన్నుమూసింది. ఇంగ్లండ్ సంఘం స్త్రీలకు మొదటిసారి గురు అభిషేకం ఇచ్చింది 1994లో. దక్షిణ ఇండియా సంఘంలో ఎగ్గోని పుష్పలలిత గారు 2013లో మొదటి మహిళా బిషప్ అయ్యారు, నంద్యాల అధ్యక్ష మండలానికి. ఇవి అక్కడక్కడ విని ఊరుకునే వార్తలు కావు, మీ పిల్లలకు చెప్పండి.

మీ సంఘం స్త్రీలకు అభిషేకం ఇవ్వకపోవచ్చు. కతోలిక సంఘం ఇవ్వదు, ఆర్థడాక్స్ సంఘాలు ఇవ్వవు, బాప్టిస్టు, బ్రదరన్, పెంతెకొస్తు సంఘాల్లో చాలా చోట్ల ఇవ్వరు. దాంతో తలుపు మొత్తం మూసుకుపోయినట్టు కాదు. గురువులుగా స్త్రీలను అభిషేకించే అధికారం తమకు లేదని 1994లో పోపు రెండవ జాన్ పాల్ రాసిన అదే కతోలిక సంఘం, సియెన్నా కేథరిన్‌ను, అవిలా తెరెసాను 1970లో సంఘం మొత్తానికీ బోధకుల్లాంటి పండితుల వరుసలో చేర్చింది. పండిత రమాబాయికి ఏ సంఘమూ అభిషేకం ఇచ్చి పంపలేదు, ఆమె ముక్తి మిషన్‌లో వితంతువులను, కరువులో దిక్కులేని ఆడపిల్లలను చేరదీసింది, బైబిల్ మొత్తం మరాఠీలోకి అనువదించింది. భారతదేశంలోనూ చైనాలోనూ కొరియాలోనూ బైబిల్ స్త్రీలు అని పిలిచినవాళ్లు మగ బోధకులకు ప్రవేశం లేని ఇళ్లలోకి వెళ్లి వాక్యం చదివి వినిపించారు, చాలామంది పేర్లు కూడా ఎక్కడా రాసి లేవు. మీ సంఘంతో గౌరవంగా మాట్లాడండి, వినకపోతే మళ్లీ మాట్లాడండి, ఈలోపు చేతికి దొరికిన పని చేయండి. ప్రార్థించి, మీరు వేరే సంఘానికి మారాల్సిన అవసరం ఉందని తేలితే, పెద్దలకు చెప్పి వెళ్లండి, కోపంతో చీల్చి వెళ్లకండి.

ఇప్పుడు సిద్ధపాటు గురించి. దయచేసి చదవండి. దేవుడు నోటిలో మాట పెడతాడని చదువు మానేయడం మన స్త్రీలకు ఎక్కువ నష్టం చేస్తుంది, ఎందుకంటే మన మాటను ఎక్కువ పరీక్షిస్తారు. వీలైతే వేదాంత కళాశాలకు వెళ్లి బీడీ (బ్యాచిలర్ ఆఫ్ డివినిటీ) చేయండి, కుదరకపోతే ఉత్తరాల ద్వారానో ఆన్‌లైన్‌లోనో చదవండి. అదీ కుదరకపోతే ఒక సువార్త తీసుకుని, ఒక మంచి వ్యాఖ్యానం పక్కన పెట్టుకుని, నోట్సు రాసుకుంటూ ఏడాది పాటు దానిలోనే ఉండండి. సండే స్కూల్‌ను చిన్నచూపు చూడొద్దు, పదేళ్ల పిల్లలకు రక్షణ గురించి అర్థమయ్యేలా చెప్పగలిగితే ఎవరికైనా చెప్పగలరు. ఉద్యోగం ఉన్నవాళ్లు తొందరపడి మానేయకండి, ప్రిస్కిల్ల డేరాలు కుట్టుకుంటూనే సేవ చేసింది. పెళ్లయినవాళ్లు భర్తతో దాపరికం లేకుండా మాట్లాడండి, ఆయన వెంటనే ఒప్పుకోకపోతే టైం ఇవ్వండి, పోట్లాట పెట్టుకోకండి, అలాగని విషయం పాతిపెట్టకండి. పెళ్లికాని చెల్లెళ్లకు ఒక మాట: సేవ చేయాలంటే సేవకుణ్ణే చేసుకోవాలని ఎక్కడా లేదు. ప్రేమ ఉంటే చేసుకోండి. సేవకు దారి దొరుకుతుందని మాత్రం చేసుకోకండి.

జాగ్రత్త కూడా చెప్పాలి, చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. "నీ పిలుపు నా ద్వారానే నెరవేరుతుంది, నేను చెప్పినట్టు వినాలి" అనే నాయకుడి నుంచి దూరంగా ఉండండి. ఒంటరిగా రమ్మని, ఇంట్లో చెప్పొద్దని, అర్ధరాత్రి మెసేజ్‌లు పెట్టి అది ఆత్మీయ బంధం అని పేరు పెట్టేవాళ్లు ఉంటారు. అభిషేకం ఎంత ఉందని చెప్పుకున్నా సరే, అది తప్పు. వెంటనే నమ్మకమైన వాళ్లకు చెప్పండి, అవసరమైతే పోలీసులకు చెప్పండి. సంఘం పరువు పోతుందని మిమ్మల్ని మౌనంగా ఉండమనే హక్కు ఎవరికీ లేదు.

పాస్టర్ గార్లూ, సంఘ పెద్దలూ, ఈ లేఖ మీ కంట కూడా పడుతుందని తెలుసు, అందుకే మీకు కూడా నాలుగు మాటలు. ఒక సహోదరి మీ దగ్గరకు వచ్చి ఈ మాట చెప్పిందంటే దానికి ముందు ఎన్నో రాత్రులు ఆలోచించి ఉంటుంది. నవ్వకండి. ముందు ఇల్లు చక్కబెట్టుకో అనకండి. మీ సిద్ధాంతం ఏదైనా, కూర్చోబెట్టి పూర్తిగా వినండి, ఆమెతో కలిసి ప్రార్థించండి, ఏదో ఒక నిజమైన పని అప్పగించి చూడండి. ఆమె చేసే పనికి జీతం ఇచ్చే స్థితిలో మీ సంఘం ఉంటే ఇవ్వండి. మగ సహోదరుణ్ణి చదువుకు పంపడానికి నిధి ఉంటే అదే నిధి ఆమెకు కూడా తెరవండి. పాస్టరమ్మగారు స్త్రీల కూడికలు నడుపుతూ, ఇళ్లకు తిరుగుతూ, సగం సంఘాన్ని మోస్తుంటే ఆ పనిని సంఘం ముందు ఒప్పుకోండి, అది సహాయం అని తీసిపారేయకండి. అలెన్ చేసినట్టు, ఒకప్పుడు కాదన్న సహోదరిని ఇప్పుడు పిలిచి మాట్లాడాలనిపిస్తే ఆలస్యం చేయకండి.

చెల్లీ, అక్కా, ఈ వారంలో ఒకరిని ఎంచుకోండి. ఫోన్‌లో కంటే ఎదురుగా కూర్చుని చెప్తే మంచిది. పెద్ద సాక్ష్యం సిద్ధం చేసుకోనక్కర్లేదు. "దేవుడు నన్ను సేవకు పిలుస్తున్నాడేమో అనిపిస్తోంది, నాకు సరిగ్గా తెలియట్లేదు, నాతో కలిసి ప్రార్థిస్తారా, కొన్ని నెలలు నన్ను గమనించి మీకేం అనిపిస్తోందో చెప్తారా" అని అడగండి. వాళ్లు మాట దాటేస్తే బాధగానే ఉంటుంది, రెండు రోజులు బాధపడండి, తర్వాత ఇంకొకరి దగ్గరకు వెళ్లండి.

ప్రభువు సేవలో,
మీ అక్క